కొత్త సూపర్‌హీరో కామిక్స్‌: ఏవి కొనాలి, ఏవి ఆగి కొనాలి

సినిమాలు చూసి కామిక్స్‌ వైపు వచ్చేవాళ్లను మొదట బెదరగొట్టేది అట్ట మీది అంకె. సూపర్‌మన్‌ కథలు వచ్చే యాక్షన్‌ కామిక్స్‌ వెయ్యో సంచికను 2018లో దాటింది, బ్యాట్‌మన్‌ కథలు వచ్చే డిటెక్టివ్‌ కామిక్స్‌ 2019లో దాటింది. అంత కథ వెనక పెట్టుకుని మధ్యలో దూరితే ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థం కాదు. ఆ తలనొప్పి లేకుండా రెండు పెద్ద కంపెనీలూ పాత లెక్కలన్నీ పక్కనపెట్టి కొత్త ప్రపంచాలు మొదలుపెట్టాయి. మార్వెల్‌ది అల్టిమేట్‌ వరస, డీసీది అబ్సల్యూట్‌ వరస. కొత్తవాళ్లు ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. అయితే ఈ వరసల్లో పుస్తకాలన్నీ ఒక్క స్థాయిలో లేవు. హీరో పేరు చూసి కాకుండా రాసినవాళ్ల పేరు, అంతకంటే ముఖ్యంగా బొమ్మలేసినవాళ్ల పేరు చూసి కొంటే డబ్బు వృథా కాదు.

ముందుగా అబ్సల్యూట్‌ వండర్‌ ఉమన్‌. 2024 అక్టోబరులో మొదలైంది. రచన కెల్లీ థాంప్సన్‌, బొమ్మలు హేడెన్‌ షెర్మన్‌, రంగులు జోర్డీ బెల్లేర్‌. వండర్‌ ఉమన్‌ పుట్టిన యోధురాళ్ల జాతి అమెజాన్‌, ఆ మాటే పలకడానికి వీల్లేదని దేవతలు శాసించిన లోకం ఇది. తర్వాత వండర్‌ ఉమన్‌ అయ్యే పసిబిడ్డ డయానాను అపోలో దేవుడు తెచ్చి నరకంలో ఉన్న మంత్రగత్తె సర్సీ చేతిలో పెడతాడు. నరకంలో పెరిగిన పిల్ల క్రూరంగా తయారవ్వాలి కదా, థాంప్సన్‌ దాన్నే తిరగేసింది. పెంచిన తల్లి ప్రేమే ఆ పిల్లకు కవచం. కత్తి మనిషికంటే పెద్దది, ఎక్కి తిరిగే రెక్కల గుర్రం వట్టి ఎముకల గూడు. షెర్మన్‌ పేజీని చదరపు గళ్లుగా కోయడు. మంత్రం వేసే చోట గళ్లు వలయాలవుతాయి, రాక్షసుడు వచ్చే చోట పేజీ నిలువునా చీలుతుంది. కళ్లు ఎటు పోవాలో బొమ్మే చెబుతుంది. 2025లో కామిక్స్‌కిచ్చే పేరున్న ఐస్నర్‌ అవార్డుల్లో ఉత్తమ కొత్త సిరీస్‌ ఇదే. అవార్డు రాకపోయినా మా మాట ఇదే ఉండేది: ఒక్కటే కొనగలిగితే ఇది కొనండి. మొదటి సంకలనం పేరు ది లాస్ట్‌ అమెజాన్‌.

ఎక్కువ గోల జరిగింది మాత్రం అబ్సల్యూట్‌ బ్యాట్‌మన్‌ గురించి. రచన స్కాట్‌ స్నైడర్‌, బొమ్మలు నిక్‌ డ్రగోటా, రంగులు ఫ్రాంక్‌ మార్టిన్‌. ఇందులో బ్యాట్‌మన్‌ అయ్యే బ్రూస్‌ వేన్‌కు ఆస్తి లేదు, మహల్‌ లేదు. తల్లి మార్తా బతికే ఉంది. తండ్రి పోయింది జూలో, స్కూలు పిల్లల విహారయాత్రలో. మామూలుగా బ్యాట్‌మన్‌కు శత్రువులయ్యేవాళ్లలో చాలామంది ఇక్కడ బ్రూస్‌ చిన్ననాటి దోస్తులు. అది ఈ పుస్తకంలో అసలైన తెలివి, ఎందుకంటే వాళ్లలో ఎవరు ఎప్పుడు చెడిపోతారా అన్న భయం ప్రతి సంచికలోనూ ఉంటుంది. డబ్బు లేదు కాబట్టి ఒంటి మీది బట్టే ఆయుధం: ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి, ముసుగు చెవులు ఊడదీస్తే బాకులు. డ్రగోటా ఒక పేజీలో చిన్నచిన్న గళ్లు ఇరికించి, పేజీ తిప్పగానే మనిషిని గోడంత చేసి నిలబెడతాడు. మొదటి సంచిక కథ ఆల్‌ఫ్రెడ్‌ గొంతులో నడుస్తుంది. ఈ ఆల్‌ఫ్రెడ్‌ సేవకుడు కాదు, బ్రూస్‌ మీద నిఘా పెట్టిన గూఢచారి. స్నైడర్‌కు ఒక జబ్బుంది: బొమ్మ చెప్పేసిన సంగతినే పక్కన డబ్బాలో మళ్లీ రాస్తాడు. ఓర్చుకోవాలి. మొదటి ఆరు సంచికలు ది జూ అనే సంకలనంగా దొరుకుతాయి. ఏడు, ఎనిమిది సంచికల్లో మిస్టర్‌ ఫ్రీజ్‌ కథకు మార్కోస్‌ మార్టిన్‌ బొమ్మలేశాడు, చేయి మారిన సంగతి మొదటి పేజీలోనే తెలుస్తుంది. ఆ తర్వాత బేన్‌ అనే విలన్‌ వచ్చాక శరీరాలు ఉబ్బడం, చీలడం మరీ ఎక్కువ. అట్ట మీద బ్యాట్‌మన్‌ ఉంది కదా అని చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి.

ఈ వరసలో వింత పుస్తకం అబ్సల్యూట్‌ మార్షియన్‌ మాన్‌హంటర్‌. 2025 మార్చిలో వచ్చింది, రచన డెనిజ్‌ క్యాంప్‌, బొమ్మలూ రంగులూ రెండూ హావియర్‌ రోడ్రిగెజ్‌. బాంబు పేలుడులో బతికి బయటపడ్డ ఎఫ్‌బీఐ ఏజెంటుకు ఎదుటివాళ్ల ఆలోచనలు రంగు పొగలా కనిపిస్తాయి. బొమ్మలేసినవాడే రంగులూ వేయడం వల్ల ఇక్కడ రంగు అలంకారం కాదు, కథలో సగం అదే. ఏ రంగు పొగ ఎవరి నెత్తి మీంచి లేస్తోందో చూడకుండా మాటలు మాత్రమే చదువుకుంటూ పోతే కథ తెలుస్తుంది గానీ అసలు విషయం జారిపోతుంది. కొట్లాటలు కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. మొదట ఆరు సంచికలకే అనుకున్నది పన్నెండుకు పొడిగించారంటే ఆదరణ ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

అబ్సల్యూట్‌ సూపర్‌మన్‌ను నెలనెలా కొనకండి, సంకలనం కొనండి. రచయిత జేసన్‌ ఆరన్‌ కథను భూమికీ, సూపర్‌మన్‌ పుట్టిన గ్రహం క్రిప్టాన్‌కూ మధ్య అటూ ఇటూ తిప్పుతుంటాడు. నెల గడిచేసరికి ఏ ముక్క ఎక్కడ ఆగిందో గుర్తుండదు. ఒక్క బిగిన చదివితే మాత్రం రఫా సాండోవల్‌ గీసిన క్రిప్టాన్‌ నిలబడుతుంది. అక్కడ సూపర్‌మన్‌ పుట్టిన ఎల్‌ కుటుంబం పాలకవర్గం కాదు, రెక్కలు ముక్కలు చేసుకునే కష్టజీవుల వర్గం. ఫ్లాష్‌, గ్రీన్‌ లాంటర్న్‌ ఆ తర్వాత. జెఫ్‌ లెమీర్‌ రాసిన ఫ్లాష్‌ కుర్రవాళ్లకు పట్టేస్తుంది. ఆల్‌ ఎవింగ్‌ గ్రీన్‌ లాంటర్న్‌లో కాలక్రమం ముందుకూ వెనక్కూ పోతుంటుంది, కాబట్టి అదీ సంకలనంగానే.

మార్వెల్‌ వైపు వస్తే, అల్టిమేట్‌ స్పైడర్‌మాన్‌ 2024 జనవరిలో జోనథన్‌ హిక్‌మన్‌ రచనతో, మార్కో కెకెట్టో బొమ్మలతో మొదలైంది. ఇందులో స్పైడర్‌మాన్‌ అయ్యే పీటర్‌కు ముప్పై దాటాయి, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. బెన్‌ బాబాయి బతికే ఉన్నాడు, మే పిన్ని లేదు. సాలీడు కుట్టాల్సిన వయసులో కుట్టకుండా ఎవరో చరిత్రనే మార్చేశారు. మొదటి ఆరు సంచికలు, అంటే మ్యారీడ్‌ విత్‌ చిల్డ్రన్‌ సంకలనం, ఈ దశాబ్దంలో వచ్చిన మంచి స్పైడర్‌మాన్‌ కథల్లో ఒకటి. భార్యాభర్తల మాటలు, బాబాయి పత్రికా సంపాదకుడు జేమ్సన్‌తో కలిసి కొత్త పత్రిక పెట్టడం, ఇవి కొట్లాటలకంటే బాగుంటాయి. నెలకో సంచిక, కథలోనూ నెల గడుస్తుంది. ఈ పద్ధతితోనే చిక్కు కూడా వచ్చింది: పెద్ద సంఘటన రెండు సంచికల మధ్య ఖాళీలో జరిగిపోయి మనకు కబురు మాత్రమే అందుతుంది. రెండో ఏడాదిలో ఈ లోటు బాగా తెలుస్తుంది. మొత్తం 24 సంచికలు, కథ ముగిసింది కాబట్టి ఎక్కడిదాకా కొనాలన్న బెంగ లేదు. పీచ్‌ మొమోకో సొంతంగా రాసి గీసిన అల్టిమేట్‌ ఎక్స్‌మెన్‌ పేరుకే ఎక్స్‌మెన్‌. నిజానికి జపాన్‌ స్కూలు పిల్లల దెయ్యం కథ, నీటిరంగుల్లో. సినిమాల్లోని ఎక్స్‌మెన్‌ను వెతుక్కుంటూ వెళితే ఉత్త చేతులతో తిరిగి వస్తారు.

ఇక కొనేటప్పుడు జరిగే పొరపాట్లు. అబ్సల్యూట్‌ అనే మాటను డీసీ చాలా ఏళ్లుగా పెద్ద సైజు, పెట్టెలో వచ్చే ఖరీదైన ఎడిషన్లకు వాడుతోంది. అబ్సల్యూట్‌ బ్యాట్‌మన్‌ అని వెతికితే ది లాంగ్‌ హాలోవీన్‌, హష్‌ లాంటి పాత కథల అబ్సల్యూట్‌ ఎడిషన్లు కూడా వస్తాయి. అవి మంచి కథలే, కానీ మీకు కావలసినవి కావు. స్నైడర్‌, డ్రగోటా పేర్లు అట్ట మీద ఉన్నాయో లేదో చూడండి. అల్టిమేట్‌ స్పైడర్‌మాన్‌కూ ఇదే గొడవ. 2000లో బ్రయాన్‌ మైకేల్‌ బెండిస్‌, మార్క్‌ బాగ్లీ మొదలుపెట్టిన సిరీస్‌ పేరు కూడా అదే, అందులో పీటర్‌ హైస్కూలు కుర్రాడు. రెండింటికీ ఒకటో సంపుటం ఉంది. హిక్‌మన్‌ పేరు లేకపోతే అది పాతది.

ఒకే సంచికకు పదిరకాల అట్టలుంటాయి. లోపలి పేజీలు అన్నిట్లోనూ ఒకటే. అట్ట పక్కన 1:25 అని ఉంటే, దుకాణం మామూలు కాపీలు 25 తెప్పించుకుంటే అలాంటిది ఒకటి ఇస్తారని అర్థం, అందుకే దాని ధర ఎగురుతుంది. చదువుకోవడానికైతే దాని జోలికి పోనక్కర్లేదు. రెండో ముద్రణ, మూడో ముద్రణ అని రాసి ఉన్నా సంకోచించకండి. ఈ వరసల తొలి సంచికలు మళ్లీమళ్లీ ముద్రించారు, కథలో తేడా లేదు. కొత్త సంచికలు బుధవారాల్లో వస్తాయి. దుకాణాలు ఎన్ని కాపీలు కావాలో కొన్ని వారాల ముందే తేల్చి చెప్పాలి. విడుదల రోజున వెళ్లి అడిగితే దొరక్కపోవడానికి కారణం అదే. కావలసిన సిరీస్‌ పేరు ముందే రాయించుకోండి.

డిజిటల్‌లో చదివేవాళ్లు మార్వెల్‌ చందా యాప్‌ మార్వెల్‌ అన్‌లిమిటెడ్‌లో కొత్త సంచిక కోసం మూడు నెలలు ఆగాలి. డీసీ యాప్‌ డీసీ యూనివర్స్‌ ఇన్ఫినిట్‌లో మామూలు చందాకు ఆరు నెలలు, అల్ట్రా చందాకు ముప్పై రోజులు. మీ దేశంలో ఏ చందా దొరుకుతుందో చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఫోనులో గళ్లు ఒక్కొక్కటిగా చూపించే పద్ధతి మామూలు పేజీలకు పనికొస్తుంది గానీ షెర్మన్‌ పేజీలను పాడుచేస్తుంది, ఎందుకంటే అక్కడ గడికీ గడికీ మధ్య సరిహద్దే కథ చెబుతుంది. పది అంగుళాల ట్యాబ్లెట్‌ను అడ్డంగా తిప్పి రెండు పేజీలూ ఒకేసారి కనిపించేలా పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. రోడ్రిగెజ్‌ పుస్తకానికి ముందు మాత్రం స్క్రీనులో రాత్రిపూట పసుపు రంగు తెప్పించే సెట్టింగు ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే నీలం పొగ ఏదో ఆకుపచ్చ పొగ ఏదో తేడా తెలియదు.