స్లీవ్ సర్జరీ అయినవాళ్ళకి కౌచ్ టు 5కె ప్లాన్ పనికొస్తుందా?

పనికొస్తుంది. కౌచ్ టు 5కె అంటే పరుగు అలవాటే లేనివాళ్ళని మెల్లగా ఐదు కిలోమీటర్లు పరిగెత్తేదాకా తీసుకెళ్ళే ప్లాన్. అయితే రాసి ఉన్నది ఉన్నట్టు చేస్తే మాత్రం కష్టం.

గతేడాది బరువు తగ్గడం కోసం నాకు స్లీవ్ సర్జరీ అయింది. జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేశారు. 118 కిలోల నుంచి 86కి దిగాక, ఇక పరిగెత్తొచ్చని డాక్టర్ చెప్పారు. అప్పుడు పట్టుకున్నాను ఈ ప్లాన్‌ని. 1996లో జాష్ క్లార్క్ అనే ఆయన వాళ్ళమ్మలాంటి వాళ్ళ కోసం తయారుచేశారట. తొమ్మిది వారాలు, వారానికి మూడే రోజులు. మొదటి వారం ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, ఆపైన 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, ఇలా 20 నిమిషాలు. ఒక్క నిమిషమే కదా అన్న ధైర్యమే నన్ను పొద్దున్నే లేపింది. మంగళ, గురు, ఆదివారాల్లో ఐదున్నరకల్లా బెంగళూరు లాల్‌బాగ్ పార్కు వెస్ట్ గేటు దగ్గర ఉంటాను. మధ్యలో వచ్చే సెలవు రోజుల వల్లే మోకాళ్ళు నిలబడ్డాయి.

నచ్చనిది ఐదో వారం. రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలు రెండుసార్లు, మూడో రోజు ఆగకుండా ఏకంగా 20 నిమిషాలు! ఆ వారాన్ని నేను మూడుసార్లు చేశాను. మీరూ మొహమాటపడకుండా మళ్ళీ చేయండి.

ప్లాన్‌లో అసలే లేనిది నీళ్ళ సంగతి. స్లీవ్ అయిన మనం గటగటా తాగలేం. నాలుగో వారంలో ఒకరోజు చెరువు గట్టు మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను. అప్పట్నుంచి ముందురోజు మధ్యాహ్నం నుంచే బాటిల్ పక్కన పెట్టుకుని గుక్క గుక్కగా తాగుతున్నాను. పరుగులో శక్తి కోసం తినే తియ్యటి ఎనర్జీ జెల్స్ జోలికి వెళ్ళకండి. ఆ తీపికి నాకు గుండె దడ, చెమటలు వచ్చాయి. ఇంటికొచ్చాక ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరగంట ఆగి మజ్జిగ. వదులైన పొట్ట చర్మం ఒరుసుకుని మండేది. నడుము పైదాకా పట్టి ఉంచే టైట్స్ వేసుకున్నాక ఆ బాధ తప్పింది.

ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను.

గేటు బయట కొబ్బరిబోండాలమ్మే అతనిది మదనపల్లె. ఒక్క బోండాం తాగడానికి నాకు అరగంట పడుతుంది. "నిదానంగా తాగక్కా, తొందరేం లేదు" అంటూ స్టూలు జరుపుతాడు. ఇప్పుడు ఏడో వారంలో ఉన్నాను. రేపు 25 నిమిషాలు.