కొత్తవాళ్లు అడిగితే ఏది మేలు: నోటిమాటా, చీటీయా, వెంట నడకా?

కర్నూలు పెద్దాసుపత్రి గేటుకు ఎదురు వరుసలో మాకు చిన్న జెరాక్స్ కొట్టు ఉంది. పదిహేడేళ్లుగా నేనే నడుపుతున్నాను. ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు, స్కానింగ్ రిపోర్టులు, వీటికి నకళ్లు తీయడం నా పని. అయితే నకళ్ల కోసం ఎంతమంది వస్తారో, ఏదో ఒకటి అడిగి వెళ్లడానికీ అంతమంది వస్తారు. "అక్కా, ఓపీ చీటీ ఎక్కడిస్తారు?" "అమ్మా, ఆదోని బస్సు ఇక్కడ ఆగుతుందా?" "ఐదు రూపాయల భోజనం ఎక్కడ పెడతారమ్మా?" ఆలూరు నుంచి, పత్తికొండ నుంచి, తుంగభద్ర అవతల అలంపురం, గద్వాల నుంచి, రాయచూరు వైపు నుంచి కూడా జనం ఇక్కడికి వస్తారు. తెల్లవారుజామున బస్సు దిగి, ఒక చేత్తో రోగిని పట్టుకుని, రెండో చేతిలో సంచితో నిలబడి అడిగే ప్రశ్న చిన్నదే. మనం చెప్పే జవాబు తప్పయితే మాత్రం వాళ్లకు ఆ రోజంతా పోతుంది.

జవాబు చెప్పడానికి నా దగ్గర నాలుగు దారులున్నాయి. నోటితో చెప్పవచ్చు, కాగితం మీద రాసివ్వవచ్చు, ఫోనులో మ్యాపు చూపవచ్చు, కొట్టు వదిలి వెంట వెళ్లవచ్చు. నాలుగూ చేసి చూశాను. వాటిలో ఏది ఎప్పుడు పనికొస్తుందన్న దాని మీద నాకిప్పుడు గట్టి అభిప్రాయమే ఉంది.

అందరూ చేసేది నోటితో చెప్పడం. చేతిలో పని ఆపనక్కర్లేదు, అడిగినవాళ్ల ముఖం చూస్తూ చెప్పవచ్చు, అర్థం కాకపోతే మళ్లీ చెప్పవచ్చు. ఒక్క మలుపులో దొరికే చోటైతే దీనికి మించినది లేదు. మలుపులు రెండు దాటితేనే చిక్కు. మన ఊళ్లో ఉన్నవాళ్లం "రాజ్‌విహార్ దగ్గర దిగి", "బళ్లారి చౌరస్తా దాటాక" అని అలవాటుగా అనేస్తాం. మొదటిసారి ఊళ్లో కాలు పెట్టినవాళ్లకు ఆ పేర్లు దేనికీ గుర్తులు కావు. కుడి, ఎడమ అని చెబితే పల్లె నుంచి వచ్చిన పెద్దవాళ్లు తడబడతారు. వాళ్లకు తూర్పు, పడమర అలవాటు. నేనేమో ఎదురుగా నిలబడి నా కుడి చెయ్యి చూపిస్తాను, అది వాళ్లకు ఎడమవైపు. వీటన్నిటికీ తోడు, ఆందోళనలో ఉన్న మనిషి ఏం చెప్పినా తల ఊపుతారు. ఆ ఊపును చూసి అర్థమైందనుకుంటాం. పది అడుగులు వేశాక వాళ్ల మనసులో మొదటి మాట మాత్రమే మిగులుతుంది.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. కొట్టు పెట్టిన రెండో ఏడు ఒక సాయంత్రం ఆత్మకూరు పెద్దాయన ఒకరు "బస్టాండుకు ఎట్లా పోవాలమ్మా?" అని అడిగారు. మనవడికి కట్టు కట్టించి తీసుకెళుతున్నారు. నేను యంత్రంలో కాగితాలు సర్దుతూ, "ఎదురుగా ఆటోలున్నాయి తాతా, బస్టాండు అని చెప్పండి చాలు" అన్నాను. కర్నూలులో బస్టాండు అంటే రెండు. ఆర్టీసీ బస్సులు బయలుదేరే కొత్త బస్టాండు ఒకటి, పేరుకు మాత్రమే బస్టాండుగా మిగిలిన పాత బస్టాండు బజారు ఒకటి. ఆయన పాత బస్టాండులో దిగారు. అక్కడ విచారించుకుని కొత్త బస్టాండుకు చేరేసరికి ఊరి బస్సు వెళ్లిపోయింది. మర్నాడు ఉదయం కట్టు తడిసిందని మళ్లీ ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ సంగతి ఆయనే చెప్పారు. నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రంతా పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని బస్టాండు బెంచీ మీద కూర్చున్నారని తెలిసి నాకు చాలా బాధ వేసింది. "కొత్త" అన్న ఒక్క మాట నేను కలిపి ఉంటే ఆ రాత్రి వాళ్లిద్దరూ ఇంట్లో పడుకునేవాళ్లు.

అప్పటి నుంచి ఏ దారిలో జవాబు చెప్పినా ముందు ఒక ఎదురుప్రశ్న వేయడం నేర్చుకున్నాను. నోటిమాటా చీటీయా అని తేల్చుకోవడం ఆ తర్వాతి సంగతి. మా ఊరికి ఇది మరీ అవసరం. "క్యాంపుకు దారెటు?" అని అడుగుతారు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అప్పుడు వచ్చిన ఉద్యోగుల కోసం కట్టిన ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి. ఏ క్యాంపో అడగకుండా దారి చెబితే మూడింట రెండు వంతులు తప్పు దారి చెప్పినట్టే. "అహోబిలం పోవాలి" అంటే ఎగువా, దిగువా అని అడగాలి. "మంత్రాలయానికి రైలుంటుందా?" అని అడిగినవాళ్లకు "ఉంటుంది" అనడం మాటవరసకు నిజమే. ఆ రైలు దింపేది మంత్రాలయం రోడ్డు స్టేషనులో, మఠానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరాన. పైగా కర్నూలు నుంచి ఆ స్టేషనుకు వెళ్లాలంటే గుంతకల్లు వైపు తిరిగి వెళ్లాలి. "ఎక్కడి నుంచి వెళుతున్నారు, వెంట ముసలివాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగితే చాలు, ఎమ్మిగనూరు మీదుగా వెళ్లే బస్సే వాళ్లకు సుఖమని తేలిపోతుంది.

కలెక్టరాఫీసు సంగతి ఇంకా ముఖ్యం. సోమవారాల్లో అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్లు నా దగ్గర నకళ్లు తీయించుకుంటారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది. ఆత్మకూరు, బనగానపల్లె, ఆళ్లగడ్డ, డోన్ వాళ్లు ఇప్పుడు అక్కడి కలెక్టరును కలవాలి. ఏళ్ల తరబడి కర్నూలుకు వచ్చిన అలవాటుతో కొందరు ఇప్పటికీ ఇక్కడికే వస్తారు. "మీది ఏ మండలం?" అని ముందు అడిగితే, వాళ్లు మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడి తిరిగి వెళ్లే బాధ తప్పుతుంది. దీనికి పట్టేది అర నిమిషం. గిరాకీ ఎంత ఉన్నా ఆ అర నిమిషం ఇవ్వాల్సిందే అన్నది నా పట్టుదల.

ఇక చీటీ. జెరాక్స్ కొట్టులో ఒకవైపు పాడైన కాగితాలకు కొదవ లేదు. వాటిని నాలుగు ముక్కలుగా కోసి, దారపు పోగుతో కట్టి బల్ల మీద పెట్టుకున్నాను. వచ్చినవాళ్లకు పెద్ద అక్షరాలతో మూడు వరుసలు రాసిస్తాను: ఎక్కడికి, ఏది ఎక్కాలి, ఎక్కడ దిగాలి. మొదట్లో నాకూ ఒక అనుమానం ఉండేది. చదువు రానివాళ్లకు చీటీ ఎందుకని. ఇచ్చి చూశాక తెలిసింది, చీటీ చదవాల్సింది తీసుకున్నవాళ్లే కానక్కర్లేదు. వాళ్లు దాన్ని ఆటో అతనికి చూపిస్తారు, కండక్టరుకు చూపిస్తారు, పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లకు చూపిస్తారు. నోటిమాట నా ముందు నుంచి కదలగానే చెదిరిపోతుంది. చీటీ అయితే దారి పొడవునా ఒకే ప్రశ్నను సరిగ్గా అడుగుతూ పోతుంది. రాయచూరు వైపు నుంచి వచ్చే కన్నడంవాళ్లు తెలుగు లిపిని సగం పోల్చుకోగలరు, అక్షరాలు దగ్గరివి కదా. ఏ లిపీ రాని అవ్వలు సైతం చీటీ మీది అక్షరాల ఆకారాన్ని బస్సు బోర్డుతో పోల్చి చూసుకోవడం నేను కళ్లారా చూశాను.

ఆలూరు నుంచి వచ్చే ఒకామె ఉంది. భర్తకు నెల నెలా చూపించడానికి వస్తుంది. మొదటిసారి రాసిచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి రవికెలో దాచుకుని, తర్వాతి నెల మళ్లీ తీసింది. వెనకవైపు కండక్టరెవరో తిరుగు బస్సు వేళ రాశాడు. దాని కింద వేరే చేతిరాతతో ఆసుపత్రిలో గది సంఖ్య ఉంది. ముగ్గురు మనుషులు ఒకరినొకరు చూసుకోకుండానే ఆమెకు తోడు పడ్డారు. చీటీ పక్షం వహించడానికి ఇంతకంటే నాకు వేరే కారణం అక్కర్లేదు.

ఈ ఉత్సాహంలో ఒక పొరపాటు కూడా చేశాను. రోజూ అవే ప్రశ్నలు కదా అని, అన్ని జవాబులూ ఒకే కాగితం మీద రాసి, వంద నకళ్లు తీసి పంచాను. అది ఉపయోగపడలేదు. ఇరవై వరుసల్లో తనకు కావలసిన వరుస ఏదో అడిగినవాళ్లకు తెలియదు. పైగా రాసిన కాగితం పాతబడుతుంది. ఐదు రూపాయల భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. మధ్యలో నా పాత కాగితం పట్టుకుని ఆకలితో వెళ్లినవాళ్లు ఉన్నారు. అందుకే ఎవరికి వాళ్లకు అప్పటికప్పుడు రాసే చీటీనే నమ్ముతాను. అచ్చువేసి పంచే దాన్ని నమ్మను.

ఇంత చెప్పినా, నోటిమాటే మేలైన విషయాలు కొన్ని ఉన్నాయి. ఆటోకు ఎంత ఇవ్వాలో మొదట్లో చీటీలో రాసేదాన్ని. చీటీ చేరేది ఆ ఆటో అతని చేతికే. "ఎవరు రాశారిది?" అని గొడవ మొదలయ్యేది, అడిగినవాళ్లు నలిగిపోయేవాళ్లు. ఇప్పుడు ధర సంగతి చెవిలో చెబుతాను. పని చేయించి పెడతానని వెంటపడే దళారుల గురించీ అంతే, "ఓపీ చీటీకి ఎవరికీ డబ్బులివ్వకండి" అని నోటితోనే హెచ్చరిస్తాను. మూడో మనిషి కంట పడకూడని మాట కాగితం మీద ఉండకూడదు. శ్రీశైలం వెళ్లేవాళ్లకు అడవి దారిలో రాత్రిళ్లు వాహనాలను ఆపేస్తారన్న సంగతి మాత్రం రాసీ ఇస్తాను, చెప్పీ చెబుతాను. అది మరిచిపోతే పిల్లలతో రోడ్డు మీద తెల్లవారాల్సి వస్తుంది.

ఫోనులో మ్యాపు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చదువుకున్న పిల్లలకు అదే చాలు, వాళ్లు నన్ను అడగరు కూడా. అడిగేవాళ్లలో ఎక్కువ మంది దగ్గర బటన్ ఫోనే ఉంటుంది. నా ఫోనులో చూపించిన మ్యాపు నా దగ్గరే ఉండిపోతుంది. పైగా దానికి గేటు తెలుసు గానీ, ఏ గేటు ఏ వేళకు మూస్తారో తెలియదు.

జవాబు తెలియనప్పుడు ఏం చేయాలన్నది వేరే చిక్కు. మా వైపు తెలియదనడం మర్యాద కాదన్న భావన బలంగా ఉంది. ఇంటికి వచ్చినవాణ్ని ఉత్త చేతులతో పంపకూడదన్నట్టు, అడిగినవాణ్నీ ఏదో ఒక జవాబుతో పంపుతాం. అది పుణ్యమనుకుని చేసే అపకారం. గద్వాల వాళ్లు వచ్చి, తెలంగాణ కార్డు మీద ఇక్కడ ఉచితంగా చేస్తారా అని అడుగుతారు. ఒకప్పటి ఆరోగ్యశ్రీ పేరే ఇక్కడ ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది, నిబంధనలూ మారుతుంటాయి. నేను ఊహించి "అవుతుంది" అంటే వాళ్లు అప్పు చేయకుండా కూర్చుంటారు. "కాదు" అంటే రోగిని తీసుకుని వెనక్కి వెళ్లిపోతారు. రెండూ ప్రమాదమే. అందుకే "నాకు తెలియదన్నా, లోపల ఆరోగ్యమిత్ర బల్ల ఉంటుంది, కార్డు చూపించి వాళ్లనే అడగండి" అని చీటీ మీద "ఆరోగ్యమిత్ర" అని రాసిస్తాను. మాత్రల అట్ట తెచ్చి తిన్నాక వేసుకోవాలా, తినకముందా అని అడిగినా అంతే. మందులిచ్చిన కిటికీ దగ్గరికే తిరిగి పంపి, అట్ట మీదే గుర్తు పెట్టించుకోమంటాను. మందుల విషయంలో నోటిమాట గానీ చీటీ గానీ నేను ఇవ్వను.

చివరిది వెంట నడవడం. నాలుగింటిలో ఇదే గొప్పదని ఎవరైనా అంటారు. నేనూ కాదనను. మనిషి పక్కన నడుస్తూ, "భయపడకండి పెద్దమ్మా" అంటూ ఓపీ వరుస దాకా దిగబెడితే తప్పిపోయే మాటే లేదు. అయినా అందరికీ ఇదే చేయాలని నేను అనను. నేను ఒకరి వెంట వెళ్లిన పావుగంటలో నలుగురు మూసిన కొట్టు చూసి, ఎవరిని అడగాలో తెలియక తిరిగిపోతారు. ఒకరికి సంపూర్ణంగా చేయడమా, ఐదుగురికి సరిపోయేంత చేయడమా అంటే, మామూలు రోజుల్లో నేను రెండోదే ఎంచుకుంటాను. వెంట తీసుకెళ్లి చూపించినవాళ్లు దారి గుర్తుపెట్టుకోరన్నది కూడా నేను గమనించాను. తర్వాతి నెల వచ్చినప్పుడు మళ్లీ నా కొట్టు ముందే నిలబడతారు. చీటీ తీసుకున్నవాళ్లు మాత్రం నేరుగా లోపలికి వెళుతూ నాకు చెయ్యి ఊపుతారు.

కొందరి విషయంలో ఈ లెక్కలేవీ పెట్టుకోను. చూపు సరిగా లేనివాళ్లు, నెలలు నిండిన మనిషితో ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు, ఇప్పుడే లోపల ఏదో చెడ్డ మాట విని బయటికి వచ్చి ఏం అడగాలో కూడా తెలియక నిలబడ్డవాళ్లు. అలాంటివాళ్లకు మూడు వరుసలు రాసి చేతిలో పెట్టడం నాకు చేతకాదు. యంత్రం ఆపి, తలుపు సగం దించి, పక్కనే పండ్లమ్మే అన్నకు బల్ల అప్పగిస్తాను. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే, జవాబు చెప్పే ముందు వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో, ఎక్కడికి పోవాలో అడగమని ఆయనకు చెప్పి వెళతాను. ఆయనకు రాయడం రాదు. కోసిన కాగితాల కట్టను మాత్రం ఆయన ముందుకు జరిపి వెళతాను, అడిగినవాళ్లలో రాయడం వచ్చినవాళ్లుంటే వాళ్లే రాసుకుంటారని.