ద్రవ ఆక్సిజన్ స్వచ్ఛత: గ్యాస్ ఎనలైజరా, కాంతి సెన్సరా? ఏది మేలు?

విజయవాడలో పెద్దాసుపత్రుల ఆవరణలో కనిపించే తెల్లటి ట్యాంకులో మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్ ఉంటుంది. దాని స్వచ్ఛతను నిత్యం గమనించడానికి రెండు దారులున్నాయి. ద్రవాన్ని ఆవిరి చేసి ఎనలైజర్‌తో కొలవడం ఒకటి, ద్రవంలోకే కాంతిని పంపి చూడటం రెండోది. కాంతి సెన్సర్ కొత్తదని మొగ్గు చూపకండి. మీ భయం ఏ మలినం గురించో ముందు తేల్చుకోండి.

ఆసుపత్రికి వచ్చే ద్రవ ఆక్సిజన్‌లో మిగిలే మలినం ఎక్కువగా ఆర్గాన్. కాంతి సెన్సర్లలో ఒక రకమైన ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌కు ఆర్గానూ కనబడదు, నైట్రోజనూ కనబడదు. ఇంకో రకమైన రామన్ పద్ధతికి (అణువులను తాకి చెదిరిన కాంతి రంగులో మార్పును చూసేది) నైట్రోజన్ దొరుకుతుంది, ఆర్గాన్ మాత్రం దొరకదు. పారామాగ్నెటిక్ ఎనలైజర్‌కు ఈ తంటా లేదు. అయస్కాంతం వైపు లాగబడే గుణాన్ని బట్టి ఆక్సిజన్‌నే కొలుస్తుంది కాబట్టి, 99 శాతం ఉందో లేదో నేరుగా చెప్పేస్తుంది. ఆసుపత్రికి నా ఓటు దీనికే. కాకపోతే శాంపిల్‌ను వేపరైజర్ (ద్రవాన్ని వాయువుగా మార్చే పరికరం) దాటాక తీయాలి. ట్యాంకు పైభాగంలోని ఆవిరిలోకి నైట్రోజన్, ఆర్గాన్ ముందుగా చేరతాయి. అక్కడి రీడింగు కింది ద్రవానిది కాదు.

గాలిని విడదీసి ఆక్సిజన్ తయారుచేసే ప్లాంటు సంగతి వేరు. అక్కడ ప్రాణాంతకం హైడ్రోకార్బన్లే, అంటే ఆక్సిజన్‌తో కలిస్తే పేలగల మండే పదార్థాలే. 1997 డిసెంబరులో మలేషియాలోని బింటులులో ఇలాంటి యూనిట్ పేలిపోయింది. అడవుల మంటల పొగలోని సన్నటి రేణువులు శుద్ధి దాటుకుని లోపల పేరుకోవడమే కారణమని తేలింది. కోతలయ్యాక పొలాల్లో గడ్డి తగలబెట్టే మన ప్రాంతంలో ప్లాంటు పెట్టేవాళ్లు ఈ సంఘటనను తప్పక చదవాలి.

ఇక్కడ శాంపిల్ పైపును పూర్తిగా నమ్మలేం. ద్రవం మొత్తం ఒక్కసారిగా ఆవిరి కాకపోతే బరువైన హైడ్రోకార్బన్లు పైపులోనే ఉండిపోయి, రీడింగు తక్కువ చూపిస్తుంది. కాంతి సెన్సర్ ద్రవాన్ని ఉన్నచోటే చూస్తుంది. 3.3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల హైడ్రోకార్బన్లు కాంతిని పీల్చుకుంటాయి. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ రేణువులు దాన్ని చెదరగొడతాయి. ప్లాంటుకైతే ఇదే మేలంటాను.

దీనికీ జాగ్రత్తలున్నాయి. కృష్ణా తీరపు తేమకి సెన్సర్ కాంతి లోపలికి వెళ్లే కిటికీ అద్దం మీద మంచు పడుతుంది. దాని చుట్టూ వాక్యూమ్ జాకెట్టో (గాలి తీసేసిన తొడుగు), అద్దం మీదికి పొడి నైట్రోజన్ ఊదే ఏర్పాటో లేకుండా కొనొద్దు. ద్రవం మరిగి బుడగలు లేచినా కాంతి చెదిరి తప్పు రీడింగు వస్తుంది. పైగా గోడలకు అంటుకున్న మలినం కాంతి దారిలోకి రాదు. అందుకే సెన్సర్ బాగానే చూపిస్తున్నా సంపు (ప్లాంటు అడుగున ద్రవ ఆక్సిజన్ చేరే చోటు) ద్రవాన్ని క్రమం తప్పకుండా కొంత బయటికి వదులుతూనే ఉండాలి.