వరి మెట్లు చూడటానికి ఏ ఊరు మేలు: బనావే, కియాంగన్, హుంగ్దువాన్

తెలుగు రైతుకు ఫిలిప్పీన్స్‌తో చుట్టరికం వరి ద్వారానే కలిసింది. లోస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్ 8 అనే వంగడం కొద్దికాలంలోనే గోదావరి జిల్లాల మళ్లలోకి దిగి, పొట్టి వరి అంటే ఏమిటో మన పెద్దలకు చూపించింది. ఆ సంస్థ ఉన్న లుజోన్ ద్వీపంలోనే, ఉత్తరాన కార్డిల్లెరా కొండల్లో, ఇందుకు పూర్తిగా భిన్నమైన వరి ఒకటుంది. ఏడాదికి ఒక్క పంటే ఇచ్చే ఆ దేశవాళీ రకాలను ఇఫుగావ్ జనం ‘తినవోన్’ అంటారు. ఏడాది అనే మాట నుంచే ఆ పేరు పుట్టింది. కొండవాలును మెట్లు మెట్లుగా మలిచి వారు కట్టుకున్న మళ్లు ఆ వరి కోసమే నిలిచి ఉన్నాయి.

ఇఫుగావ్ ప్రావిన్స్‌లో 11 మునిసిపాలిటీలు ఉన్నాయి. మునిసిపాలిటీ అనగానే మనకు పట్టణం మనసులో మెదులుతుంది గాని, అక్కడ అది మన మండలానికి దగ్గరగా ఉండే ఏర్పాటు: నడిమిన ఒక బజారు ఊరు, చుట్టూ కొండల్లో ‘బరంగాయ్’ అనే పల్లెలు, అన్నిటికీ కలిపి ఎన్నికైన ఒక మేయరు. 2020 జనగణన ప్రకారం బనావేలో 20 వేల పైచిలుకు, కియాంగన్‌లో 17 వేల పైచిలుకు, హుంగ్దువాన్‌లో 9 వేలకు లోపు జనాభా ఉంది. రెండు మూడు రోజుల వ్యవధి మాత్రమే ఉన్నవారు ఈ మూడింటిలో దేనిలో బస చేయాలన్నది ప్రశ్న. చాలామంది మారు ఆలోచన లేకుండా బనావే అంటారు. నేను కియాంగన్ అంటాను.

బనావే వైపు ఉన్న బలం తక్కువదేమీ కాదు. మనీలా నుంచి దాదాపు 350 కిలోమీటర్లు. రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు. బసకు ఇళ్లు, దారి చూపేవారు, లోపలి పల్లెలకు జీప్నీలు (జీపును పొడిగించినట్టుండే చిన్న బస్సులు) అన్నీ అక్కడే దొరుకుతాయి. 20 పెసోల నోటు వెనుక అచ్చయిన మెట్లు కూడా బనావేవే. అయితే ఒక సంగతి గమనించాలి. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినవి అయిదు సముదాయాలు: బనావే మునిసిపాలిటీలోని బటాడ్, బంగాఅన్, కియాంగన్‌లోని నగకడాన్, హుంగ్దువాన్, మయోయావ్. బనావే బజారు పైనున్న వ్యూ పాయింట్ నుంచి అందరూ ఫొటోలు తీసుకునే మెట్లు ఈ అయిదింటిలో లేవు. బజారు చుట్టూ కాంక్రీటు కట్టడాలు మళ్ల అంచుల దాకా వచ్చేశాయి. వ్యూ పాయింట్ చూసి వెనుదిరిగినవారు అసలైనదాన్ని చూడకుండానే తిరిగి వచ్చినట్టు. బనావేకు వెళితే కొండదారిన నడిచి బటాడ్‌కు చేరుకుని తీరాలి. రంగస్థలం చుట్టూ వలయాలుగా లేచిన ఆసనాల వలె ఆ మళ్లు పల్లెను మూడు వైపులా చుట్టుకుని ఉంటాయి. కంటికి కనిపించే అందం ఒక్కటే కొలమానమైతే బటాడ్‌కు సాటి లేదని ఒప్పుకోవలసిందే.

కాని మెట్లను అందం మాత్రమే నిలబెట్టలేదు. ప్రతి మెట్ల వరుసకూ పైన ‘ముయోంగ్’ అనే అడవి ఉంటుంది. అది సర్కారు అడవి కాదు, కుటుంబం ఆస్తి. వాననీటిని పట్టి ఉంచి, ఊటలుగా కింది మళ్లకు వదులుతుంది. ఇంటికి కలప, వంటచెరకు కూడా అక్కడివే. ఆ అడవిని నరికితే మడి ఎండుతుంది, మడిని వదిలేస్తే గట్టు కూలుతుంది, ఒక గట్టు కూలితే దాని కింది మడి కూడా దెబ్బ తింటుంది. యువత పనుల కోసం పట్నాలకు తరలిపోవడం వల్ల మళ్లు బీడు పడుతున్నాయని 2001లో యునెస్కో ఈ మెట్లను ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో చేర్చింది. మరమ్మతులు, రక్షణ ఏర్పాట్లు జరిగాక 2012లో తొలగించింది.

ఈ కథ మొత్తం అర్థం కావడానికి కియాంగన్ మేలైన చోటు. నగకడాన్‌లో ఒక నది నడిమిగా పారుతుండగా, దానికి ఇరువైపులా మెట్లు రెండు వరుసలుగా పైకి సాగుతాయి. ఈ మెట్లు రెండు వేల ఏళ్లనాటివని బడిపుస్తకాలు చెబుతూ వచ్చాయి. కియాంగన్‌లోని పాత కియ్యాంగన్ గ్రామస్థలంలో పురావస్తు శాస్త్రవేత్త స్టీఫెన్ అకబాడో బృందం జరిపిన తవ్వకాలు మాత్రం వేరే లెక్క చెప్పాయి. అక్కడ మొదట పండించినది చేమ. నీటి వరి దాదాపు నాలుగు వందల ఏళ్ల క్రితం, స్పెయిన్ పాలకులు దిగువ లోయల్లోకి చొచ్చుకువచ్చిన కాలంలో విస్తరించింది. అంటే ఈ మెట్లు పాలకులకు లొంగని జనం కొండపైన తమ బతుకును గట్టి చేసుకున్న గుర్తు. వయసు తగ్గినందుకు వాటి గొప్పతనం నా దృష్టిలో పెరిగిందే గాని తగ్గలేదు.

కోతల వేళ, నాట్ల వేళ, చావుల దగ్గర ఇఫుగావ్ స్త్రీలు పాడే దీర్ఘగాథ ‘హుద్‌హుద్’కు కూడా కియాంగన్ ముఖ్యమైన నెలవు. వృద్ధ స్త్రీ ఒకరు ముందుగా ఎత్తుకుంటే మిగిలినవారు వంత పాడతారు. 2014లో విశాఖను అతలాకుతలం చేసిన తుపాను పేరు వినడానికి ఇలాగే ఉన్నా, అది ఒక పక్షి పేరు. రెండింటికీ సంబంధం లేదు. ఇదే కియాంగన్‌లో 1945 సెప్టెంబరు 2న జపాను సేనాని యమషిత లొంగిపోయాడు. మరునాడు బగియోలో లాంఛనంగా సంతకాలు జరిగాయి. ఆ జ్ఞాపకంగా కట్టిన స్మారకం ఇఫుగావ్ ఇంటి కప్పును గుర్తుకు తెస్తుంది. ప్రావిన్స్ కేంద్రమైన లగావే నుంచి కియాంగన్‌కు రోడ్డు దగ్గర కాబట్టి వృద్ధులతో వెళ్లేవారికి కూడా ఇబ్బంది తక్కువ.

హుంగ్దువాన్‌ను ఎంచుకోవలసినవారు వేరే ఉన్నారు. అక్కడికి జీప్నీలు తక్కువ, బస సాదాసీదా, వానల్లో కొండచరియలు విరిగి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. అయినా రాతి గోడలతో కట్టిన హపావ్ మళ్లను చూస్తే, ఆ రాళ్లను పేర్చిన చేతుల మీద గౌరవం కలగకుండా ఉండదు. కోతలు ముగిశాక హపావ్, బాఅంగ్, నుంగులునన్ పల్లెల వారు నదిలో నిలబడి జట్లుగా ఆడే ‘పున్నుక్’ అనే లాగుడు ఆటను యునెస్కో 2015లో కంబోడియా, దక్షిణ కొరియా, వియత్నాంల తాడులాట ఆచారాలతో కలిపి గుర్తించింది. అది చూడటానికి వచ్చినవారి కోసం జరిపే ప్రదర్శన కాదు, పంట ముగిసిందని ఊరు చేసుకునే పండుగ. వారం రోజుల వ్యవధి ఉండి, నడిచే ఓపిక ఉన్నవారికి హుంగ్దువానే మొదటి మాట కావాలి. మయోయావ్ కూడా మంచిదే గాని, దూరం వల్ల తక్కువ రోజుల్లో కుదరదు.

ఏ ఊరికి వెళ్లినా కాలం చూసుకుని వెళ్లడం ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో మళ్లు పచ్చగా ఉంటాయి, జూన్ చివరి నుంచి జూలై దాకా పంట పండి బంగారు రంగుకు తిరుగుతుంది. కోత తరువాత చాలాకాలం నీళ్లు, బురద మాత్రమే కనిపిస్తాయి. మూడు రోజులే ఉంటే కియాంగన్‌లో రెండు రాత్రులు గడిపి, మూడో రోజు తెల్లవారుజామునే బయలుదేరి బటాడ్ చూసి, ఆ రాత్రికే బనావేలో మనీలా బస్సు ఎక్కవచ్చు. గట్ల మీద నడిచేటప్పుడు ఆ ఊరి మనిషిని ఒకరిని తోడు తీసుకోవాలి, వారు అడిగిన కూలిని బేరమాడకుండా ఇవ్వాలి. ఆ గట్లను మరమ్మతు చేసేది చాలావరకు ఆ ఇళ్లవారే.