కమ్యూనిజం తరువాతి దేశాలపై ఆడియో పాఠాలు: పర్లాకిమిడి శ్రోత అభిప్రాయం

సివిల్స్‌కు చదువుతున్న మా మేనల్లుడి కోసం, కమ్యూనిస్టు పాలన ముగిసిన దేశాల్లో రాజ్యవ్యవస్థలు ఎలా మారాయో చెప్పే ఎనిమిది తెలుగు ఆడియో పాఠాలను ఒక శిక్షణ సంస్థ వద్ద ఆరువందల రూపాయలకు కొన్నాము. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షకు ఇంగ్లీషు అన్నట్లుండే పర్లాకిమిడి పిల్లలకు రాజనీతి శాస్త్రం తెలుగులో వినే అవకాశం అరుదు కనుక, నేనూ పక్కన కూర్చుని అన్నీ విన్నాను.

పోలండ్ పాఠం ఒక్కటే పెట్టిన డబ్బుకు సరిపోతుంది. 1989 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కమ్యూనిస్టు ప్రభుత్వమూ, కార్మిక సంఘంగా పుట్టిన సాలిడారిటీ ఉద్యమమూ బల్ల చుట్టూ కూర్చుని, దిగువ సభలో 35 శాతం స్థానాలకే స్వేచ్ఛగా పోటీ జరగాలని ఒప్పుకోవడం, తీరా జూన్‌లో ఆ స్థానాలన్నీ, సెనేట్‌లో 100కు 99 స్థానాలూ సాలిడారిటీకే దక్కడం ఎంతో ఓపికగా వివరించారు. మావాడు ఫోను ఆపి, "మామయ్యా, ఆ మిగిలిన ఒక్కటి కమ్యూనిస్టు పార్టీదేనా?" అన్నాడు. వెతికి చూస్తే గెలిచినవాడు స్వతంత్రుడు. అంత చక్కటి సంగతిని పాఠకర్త వదిలేశారు.

రుమేనియా పాఠం కూడా బాగుంది. అక్కడి కమ్యూనిస్టు పాలకుడు చౌషెస్కును 1989 డిసెంబరు 25న కాల్చి చంపినా, మరుసటి మే ఎన్నికల్లో అధ్యక్షుడైన ఇలియెస్కు ఒకప్పుడు అదే పార్టీలో పెద్ద పదవులు చేసినవాడే. 1936లో మన ఊరు మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాలో కలిసినప్పుడు కచేరీ బోర్డు మారింది గానీ గుమస్తా అదే కుర్చీలో ఉన్నాడని మా తాతగారు చెప్పేవారు. ఆ మాట గుర్తుకొచ్చింది.

నాకు పేచీ ఉన్నది పాఠకర్త సిద్ధాంతంతోనే. ఐరోపా సమాఖ్యలో చేరాలన్న ఆశే ప్రజాస్వామ్యాన్ని నిలబెట్టిందని ఆయన పదేపదే అంటారు. అలాగైతే 2004లోనే చేరిన హంగరీలో, 2010లో మూడింట రెండు వంతుల బలంతో గెలిచి ప్రధాని అయిన ఓర్బాన్ మరుసటి ఏడే కొత్త రాజ్యాంగం ఆమోదింపజేసి, పార్లమెంటు స్థానాలను 386 నుంచి 199కి కుదించి, ఎన్నికల నియమాలను తనకు అనువుగా ఎలా మార్చుకోగలిగాడు? రష్యా, చైనాల నడుమ ఉండి, సమాఖ్య ఆశ ఏ కోశానా లేని మంగోలియా 1990లో బహుళపార్టీ ఎన్నికలు జరిపి, 1992లో రాజ్యాంగం రాసుకుని, ఎన్నికల ద్వారానే ప్రభుత్వాలను మార్చుకుంటూ వస్తోంది. ఎనిమిది పాఠాల్లో దాని పేరే లేదు. మధ్య ఆసియాకు పది నిమిషాలే కేటాయించారు. సోవియట్ కాలంలోనే పార్టీ కార్యదర్శియైన నియాజోవ్ 2006లో చనిపోయే దాకా తుర్క్‌మెనిస్తాన్‌ను ఏలిన తీరు ఒక్క వాక్యంలో ముగిసింది.

సేవ విషయానికొస్తే, అచ్చు నోట్సు చిరునామాలో ఒడిశాకు బదులు ఆంధ్రప్రదేశ్ అని రాయడంతో, సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లి తెచ్చుకోవలసి వచ్చింది. అందులోని 1995 నాటి పటంలో చెకోస్లొవేకియా ఇంకా ఒకే దేశంగా ఉంది. అది 1993 జనవరి 1నే రెండయింది. మంగోలియా గురించి అడుగుతూ రాసిన లేఖకు మూడు వారాలైనా జవాబు లేదు. మొదటి నాలుగు పాఠాలు విడిగా అమ్మితే నిస్సంకోచంగా కొనమంటాను. మొత్తం కట్టకు మాత్రం ఆరువందలు ఎక్కువ.