టెంపుల్ థీమ్ అన్నారు, థర్మోకోల్ మండపం కట్టారు: పెళ్లి డెకరేషన్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు చదవండి

శ్రావణ మాసం ముహూర్తాలకు డెకరేషన్ మాట్లాడుకుంటున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా చెల్లెలి పెళ్లిలో జరిగిన మోసం మరో ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను.

హైదరాబాద్‌లోని ఒక ఈవెంట్ సంస్థతో టెంపుల్ థీమ్ మాట్లాడుకున్నాం. వాళ్లు చూపించిన ఫొటోల్లో చెక్కిన రాతి స్తంభాల్లాంటి మండపం, పైనుంచి జాలువారే లిల్లీ దండలు, ఇరుపక్కలా నిలువెత్తు దీపపు సెమ్మెలు, తామరలు తేలుతున్న ఇత్తడి ఉరుళులు (వెడల్పాటి నీళ్ల పాత్రలు) ఉన్నాయి. చెల్లెలు ఆ లిల్లీల పందిరి చూసే ఒప్పుకుంది. ధర కూడా అంతా తాజా పూలేనని చెప్పి, ఆ లెక్కన కట్టారు.

తెల్లవారుజామున ముహూర్తం. రాత్రి భోజనాలు అయిపోతున్నా వాళ్ల నిచ్చెనలు మండపంలోనే ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే, చేతికి అందే ఎత్తు వరకే నిజమైన బంతిపూలు. ఆ పైనంతా ప్లాస్టిక్. రేకుల మడతల్లో ఏ పెళ్లినాటిదో దుమ్ము పేరుకుని ఉంది. స్వాగతం బోర్డు మీద చెల్లెలి పేరు పక్కన అంతకుముందు అతికించిన వేరే పేరు తాలూకు జిగురు మరక అలాగే ఉంది. స్తంభాల అంచులు విరిగి తెల్లటి పూసలు కిందికి రాలుతున్నాయి.

ఇవన్నీ ఎలాగో సర్దుకునేవాళ్లమేమో. కానీ పురోహితుడు హోమగుండం పెట్టే చోటు చూసి, పక్కనున్న స్తంభాన్ని వేలితో నొక్కి, ఇది థర్మోకోల్, నిప్పు పక్కన ప్రమాదమని, దాన్ని తీయించే వరకు అగ్ని ప్రతిష్ఠ చేయనని చెప్పారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. థర్మోకోల్‌కు నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది, కరిగి బొట్లు బొట్లుగా పడుతుంది, నల్లటి పొగ కమ్ముతుంది. పక్కనే పట్టుచీరల్లో ఆడవాళ్లు, చిన్న పిల్లలు. ప్లాస్టిక్ పూలు, పలుచని పాలిస్టర్ తెరలు కూడా అంతే ప్రమాదం. దీన్ని మాత్రం నేను క్షమించలేను.

మేనేజర్‌ను నిలదీస్తే, “థీమ్ అంటే చూడటానికి అలా ఉండటం సార్, మెటీరియల్ కాదు” అన్నాడు. అతను ఇచ్చిన కాగితంలో “టెంపుల్ థీమ్, స్టేజీ, ప్రవేశద్వారం” అని తప్ప ఇంకేమీ లేదు. ఆ తర్వాత ఆ ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వెతికితే, అవి వేరే రాష్ట్రంలోని మరో డెకరేటర్ చేసిన పని అని తేలింది.

అందుకే థీమ్ పేరుకు డబ్బు కట్టకండి, సరుకుకు కట్టండి. స్తంభాలు చెక్కా, ఫైబరా, థర్మోకోలా? ఏ పూలు, దండలైతే ఎన్ని మూరలు, విడిపూలైతే ఎన్ని కిలోలు? ప్లాస్టిక్ వాడితే ఎక్కడ, ఎంత? హోమగుండం చుట్టూ ఎంత ఖాళీ వదులుతారు? ఇవన్నీ రాతలో ఉండాలి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం రోజుల్లో పూల ధరలు మండిపోతాయి, ప్లాస్టిక్ దూరేది అప్పుడే. లిల్లీ దొరకకపోతే చామంతి వాడాలి తప్ప ప్లాస్టిక్ వాడకూడదని ముందే రాయించుకోండి. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెస్తారా, కడియం నుంచి తెప్పిస్తారా, మండపానికి ఎన్ని గంటలకు చేరతాయో అడగండి. నిజంగా పూలు తెచ్చేవాడు తడుముకోకుండా చెబుతాడు. ఫొటోలు కాదు, ఈ నెలలో వాళ్లు చేస్తున్న ఏదైనా పెళ్లి మండపాన్ని నేరుగా చూపించమనండి. మొత్తంలో కొంత భాగం మండపం పూర్తయి మీరు చూశాకే ఇస్తామని గట్టిగా చెప్పండి.

ప్లాస్టిక్ పూలు వాడటమే తప్పని నేను అనడం లేదు. తక్కువ ఖర్చులో కావాలనుకునేవారికి చెప్పి, ఆ ధరే తీసుకుంటే ఎవరికీ బాధ లేదు. నన్నడిగితే అరటి బోదెలు, మామిడి తోరణాలు, కొబ్బరాకుల పందిరి, నాలుగు బంతి దండలు ఉంటే అంతకు మించిన గుడి కళ లేదు.

ఇప్పటికే మోసపోయినవారు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, సంస్థ ఎక్కడున్నా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. బిల్లు లేకుండా నగదు ఇవ్వమంటే ఒప్పుకోకండి, బ్యాంకు ద్వారానే చెల్లించండి. వాళ్లు పంపిన ఫొటోలు, వాట్సాప్ సందేశాలు చెరపకండి. మండపం విప్పేలోపే ప్రతి మూలనూ దగ్గర నుంచి ఫొటోలు తీయించండి. పెళ్లి ఫొటోగ్రాఫర్ అక్కడే ఉంటాడు కాబట్టి అది ఆయనకే చెప్పండి.