రంగురంగుల టమాటా విత్తనాల ప్యాకెట్లు కొంటున్నారా? జాగ్రత్త

హైదరాబాద్‌లో మిద్దె తోట పెంచుకునేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. చలికాలం పంటకు టమాటా నారు పోద్దామని విత్తనాల కోసం వెతుకుతున్నవాళ్లు మరీ ముఖ్యంగా చదవండి. ఫోన్‌లో "నీలం టమాటా, నల్ల టమాటా, చెట్టు టమాటా, అన్నీ కలిపి కాంబో" అంటూ వచ్చే ప్యాకెట్ల జోలికి వెళ్లకండి. నేను తెప్పించుకుని మోసపోయాను. డబ్బు సంగతి అటుంచితే, ఒక సీజన్ మొత్తం పోయింది. ఆ బాధే ఎక్కువగా ఉంది.

వచ్చినవి చిన్న జిప్ కవర్లు. ముందు వైపు మెరిసే ఫొటో, వెనక ఖాళీ. లాట్ నంబరు లేదు, మొలక శాతం లేదు, పరీక్ష చేసిన తేదీ లేదు, తయారుచేసినవాళ్ల చిరునామా లేదు. టమాటా గింజ ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా: బల్లపరుపుగా, లేత గోధుమ రంగులో, పైన సన్నటి నూగుతో ఉంటుంది. కంపెనీలు కొన్నిసార్లు నూగు తీసేస్తాయి, మందు పట్టించి గులాబీ రంగులోనూ అమ్ముతాయి కానీ సైజు మారదు. "నీలం టమాటా" కవర్లో ఉన్న గింజలు ఆ సైజులో సగం కూడా లేవు.

కొన్ని కవర్లలోవి అసలు మొలకెత్తలేదు. నీలం టమాటావి మాత్రం మొలిచాయి. మొదటి రెండాకులు చూస్తే టమాటా నారులాగే అనిపిస్తుంది. తర్వాత వచ్చే ఆకుల్లో తేడా బయటపడుతుంది. టమాటా ఆకుకు అంచుల్లో చీలికలుంటాయి, నలిపితే ఘాటు వాసన వేలికి అంటుకుని చేయి కడిగినా పోదు. వీటికి చీలికలూ లేవు, ఆ వాసనా లేదు. చివరికి చిన్న తెల్ల పూలు పూశాయి. టమాటా పువ్వు పసుపు. ఇవి కామంచి మొక్కలు! చేల గట్ల మీద వాటంతట అవే మొలిచేదాన్ని డబ్బులు పెట్టి కొనిపించారు.

అమ్మినవాళ్లను అడిగితే మట్టి బాగాలేదనీ నీళ్లు ఎక్కువయ్యాయనీ జవాబు. అదే ట్రేలో, అదే కోకోపీట్, వర్మీకంపోస్ట్ మిశ్రమంలో పక్కింటి ఆంటీ ఇచ్చిన పీకేఎం-1 రకం టమాటా గింజలు వారం తిరక్కుండానే మొలిచాయి. ఆ ఫొటో పంపితే ఇక జవాబే లేదు. ఈలోగా రిటర్న్ గడువు అయిపోయింది. వాళ్ల ధైర్యం అక్కడే ఉంది. మొలక తేలడానికి వారం పైన, కాయ చూడటానికి నెలలు పడుతుంది. అప్పటికి మనం చేయగలిగేదేమీ ఉండదని వాళ్లకు తెలుసు. మళ్లీ నారు పోద్దామంటే కాపు సమయానికి మన ఎండలు ముదురుతాయి, 35 డిగ్రీలు దాటాక పూత నిలవదు.

ముదురు రంగు టమాటాలు అసలు లేవని కాదు. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ 2012లో విడుదల చేసిన ఇండిగో రోజ్ అనే రకం ఉంది. అందులోనూ ఎండ తగిలిన తొక్కే ముదురు ఊదాగా మారుతుంది, లోపలి గుజ్జు ఎరుపే. ఫొటోల్లో చూపించే ఆకాశనీలం టమాటా మాత్రం ఎక్కడా లేదు. చెట్టు టమాటా వేరే జాతి మొక్క, నీలగిరుల లాంటి చల్లటి చోట్ల పెరుగుతుంది. మన మిద్దె మీద వేసవికి తట్టుకోవడం కష్టం.

విత్తనాలు ఎవరి దగ్గర కొన్నా, ముందు లేబుల్ చూడండి. టమాటాకు కనీస మొలక ప్రమాణం 70 శాతం. ప్యాకెట్ అందిన రోజే తెరుస్తూ వీడియో తీయండి. పది గింజలు తడి టిష్యూ పేపర్లో చుట్టి, మూత ఉన్న డబ్బాలో నీడన పెట్టండి. పేపరు ఆరనివ్వకండి. వారం, పది రోజుల్లో ఏడైనా మొలవకపోతే గడువు లోపలే ఫిర్యాదు చేయండి. గింజ ఆకారం తేడాగా ఉంటే అంతవరకూ కూడా ఆగొద్దు.

మొదటిసారి పెంచేవాళ్లు రంగుల జోలికి పోకుండా పీకేఎం-1, పూసా రూబీ, అర్కా వికాస్ లాంటివి తీసుకోండి. ఇవి హైబ్రిడ్లు కావు కాబట్టి మంచి కాయ నుంచి గింజ తీసుకుని వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. గుజ్జుతో సహా గ్లాసులో రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెడితే చాలు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు చిన్న మొత్తమే కదా అని వదిలేయకండి. నాసిరకం విత్తనాలపై వినియోగదారుల ఫోరానికి (ఇప్పుడు వినియోగదారుల కమిషన్) వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2012లోనే రైతుల కేసులో తేల్చింది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. బిల్లు, కవరు రెండు వైపులా ఫొటోలు, అమ్మినవాళ్లతో చాట్ దగ్గర పెట్టుకోండి. కవర్లో మిగిలిన గింజలు పారేయకండి, సాక్ష్యం అవే.